పళ్ళెంలో అల్లి చెట్టు

పోయిన వారం మనం ఆమనిని ఒక గుంట అంచున వదిలిపెట్టాం. పుదుచ్చేరి ఊరికి పడమరగా, ఆమని నేస్తం సెంగమలం పుట్టిన పల్లెలో, అమ్మవారి తోపు నడుమ తవ్విన గుంట అది. పైన ముళ్ళకంప కప్పారు. కంప లాగి చూస్తే లోపల రంపంతో కోసిన వేరుమొదళ్ళు, పచ్చివాసన పోని ఎర్రమన్ను. నాలుగు నెలల కిందట ఆమని నాలుగు ఆదివారాలు నేలమీద కూర్చుని బొమ్మ గీసిన అల్లి చెట్టు అక్కడే ఉండేది. చెరువులో పూసే అల్లి కాదు. కొమ్మల కణుపుల దగ్గర నీలిపూలు గుత్తులుగా అంటుకుని పూసే అడవి అల్లి. ఊరివాళ్ళు దాన్ని కాయాంపూ చెట్టు అంటారు.

ఆ తోపులో ఆకు తెంపితే కళ్ళు పోతాయని నమ్మకం. ఎండుపుల్ల కూడా ఎవరూ ఇంటికి తీసుకెళ్ళరు. అలాంటి చోట చెట్టుకు చెట్టే మాయమైంది. "బయటి మనిషిని తోపులోకి తెచ్చింది నువ్వే గదా" అని, బొమ్మల కోసం ఆమనిని తీసుకొచ్చినందుకు ఊరంతా సెంగమలం వైపు వేలు చూపిస్తోంది. పట్నంలో సర్కారు తోటలో కలుపు తీసే దినకూలీ ఆమె. సెలవు దొరికితే చాలు పల్లెకు పోయి తోపులో కాపలా కూర్చుంటోంది. "దొంగ నాయాళ్ళు మళ్ళీ రానీ ఆమనీ, నా పీనుగ మీదనే తవ్వాల" అని గుంట పక్కన నిలబడి ప్రమాణం చేసింది.

ఆ మాట చెవుల్లో మోగుతుండగానే ఆదివారం పొద్దున ఆమనికి భీమేశ్వరరావు గారు ఫోన్ చేశారు.

"ఆమని గారూ, ఓసారి కాలాపేట తోటకి రావాలండి. మీకు చూపించాల్సింది ఒకటుంది. మీరు చూస్తేగానీ నాకు తృప్తి ఉండదు."

వెళ్దామనే అనుకుంది ఆమని. మేట్టుపాళయంలో అట్టపెట్టెల కార్ఖానా ఉన్న మనిషి, పెద్దవాళ్ళతో పరిచయాలున్న మనిషి. ఈ తీరపు మొక్కల మీద పుస్తకం వేస్తానని, నలభై బొమ్మలు గీయించుకుంటున్న మనిషి. యానాం నుంచి బదిలీ మీద వచ్చి ఏడేళ్ళుగా సర్కారు బడిలో పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతున్న ఆమనిని "ఆర్టిస్టు గారూ" అని పిలిచిన మొదటి మనిషి కూడా ఆయనే. తోపులో దొంగతనం సంగతి ఆయన చెవిన వేస్తే నాలుగు చోట్ల మాట్లాడతారు, సెంగమలం మీద పడ్డ మచ్చ పోతుంది అనుకుంటూ ఆమె పదిగంటల బస్సెక్కింది.

తోట గేటు తీయగానే వాసన కొట్టింది. తేంగాయితిట్టు రేవు నుంచి చేపల తలకాయలు, పేగులు తెప్పించి బెల్లం వేసి పీపాల్లో ముగ్గబెడతారు, ఎరువుకి. తియ్యగా కుళ్ళిన ఆ వాసన ఆమనికి కొత్త కాదు. అయినా ఆవేళ ఎందుకో ముక్కుకి చీరకొంగు అడ్డం పెట్టుకుంది.

భీమేశ్వరరావు గారు తెల్ల లాల్చీలో ఎదురొచ్చారు. అరవై దాటినా నడుము వంగలేదు. కాఫీ తెప్పించారు. ఆమె తాగేదాకా ఎదురుగా కూర్చున్నారు, కప్పు కింద పెట్టగానే లేచారు.

"ఇటు రండి. కళ్ళు మూసుకోమనను గానీ, మెల్లిగా చూడండి."

షేడ్‌నెట్ కింద పొడవాటి బల్ల. దాని మీద ఒకే ఒక పళ్ళెం, నల్లటి మట్టి పళ్ళెం, మూరెడు పొడవు ఉంటుంది. అందులో ఒక చెట్టు. మొదలు మనిషి తొడంత లావు, ఎత్తు మాత్రం రెండడుగులు. ముసలి కాండం నేల నుంచి మెలితిరిగి లేచి, ఒక్కచోట ఆగి, మళ్ళీ పక్కకు ఒరిగింది. కొమ్మల కొసల్లో గోరంత చిగుళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి.

నిజం చెప్పాలి. ఆ మొదటి క్షణంలో ఆమని మనసు పులకరించింది. ఎంత బాగుంది అనుకుంది. కాండం మీద వెలుగు ఎక్కడ పడుతోంది, నీడకు ఏ రంగు కలపాలి అని చెయ్యి అప్పుడే లెక్కలు వేసుకుంది. తర్వాత జీవితంలో ఆమె తనను తాను క్షమించుకోలేకపోయినవి కొన్ని ఉన్నాయి. వాటిలో ఈ క్షణం ఒకటి.

"బ్రహ్మాండంగా ఉందండీ," అంది కూడా.

అని, వెనకవైపు చూద్దామని బల్ల చుట్టూ తిరిగింది.

కాండం వెనక, జానెడు ఎత్తులో, ఇనుప కడియం. సగం చెట్టులో, సగం బయట. ఏ తాతల నాడో మొక్కుబడి మేకను కట్టేయడానికి ఎవరో తగిలించిన కడియం అది. చెట్టు పెరుగుతూ పెరుగుతూ దాన్ని మింగేసింది. బెరడు ఇనుము చుట్టూ లావుపాటి పెదవిలా మడతపడింది. ఆ మడతలో ఎన్ని గీతలున్నాయో ఆమనికి తెలుసు. ఒక ఆదివారమంతా ఆ ఒక్క మడతకే పోయింది.

తోపులో ఆ కడియం తుప్పుపట్టి, పసుపు పులిమి ఉండేది. ఇక్కడ నూనె రాసి తుడిచారు. తళతళలాడుతోంది.

ఆమె చెయ్యి బల్ల అంచు మీద ఆగిపోయింది.

"ఇది ఎక్కడిదండీ?"

"అదేంటండీ అలా అడుగుతారు?" భీమేశ్వరరావు గారు నవ్వారు. దాచుకోవాలన్న ఊసే ఆ మొహంలో లేదు. "మీ అల్లే. మీరు గుర్తుపడతారా లేదా అని రాత్రంతా ఒకటే ఆత్రం నాకు. వచ్చే నెల పూల ప్రదర్శనలో బోన్సాయ్ కింద పెడుతున్నాను. ఆ కడియం చూసి జడ్జీలు పడిపోవాలి. అలాంటి కేరెక్టర్ కుండీలో పెంచితే వస్తుందాండీ? వందేళ్ళు పట్టిందండీ దానికి, వందేళ్ళు!"

ఆమని ఇప్పుడు చెట్టును ముక్కముక్కగా చూసింది. పైభాగం మొత్తం కోసేశారు. కోసిన చోట ఏదో నల్లటి మందు పులిమారు. మిగిలిన నాలుగు కొమ్మలకీ రాగితీగ చుట్టి కిందికి వంచారు. తవ్వి ఇరవై రోజులు కూడా కాలేదు, అప్పుడే తీగ. ఒక కొమ్మ మీద తీగ బెరడులోకి దిగి, ఆ పక్కన జిగురు కారి ఎండింది. చీము కట్టిన పుండులా ఉంది. దాని మీద ఈగలు.

"చిగురేసింది చూశారా?" అన్నారాయన గర్వంగా. "బతికింది."

"బతకలేదండీ," అంది ఆమని. "మొదట్లో దాచుకున్న బలమంతా ఒక్కసారి బయటికి కక్కుతోంది. కింద వేరు లేదు. నెల తిరక్కుండా చస్తుంది."

"పోనీ లెండి, ప్రదర్శన అయ్యేదాకా ఉంటే చాలు."

అంత మామూలుగా అన్నారాయన. కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగినట్టే.

ఆమని బల్లకు వీపు తిప్పింది. రెండడుగులు పక్కకు వేసింది, గాలి కోసం. షెడ్డు వెనక్కి వచ్చింది. అక్కడ పనిమనిషి వెట్రివేల్ పారతో మన్ను కప్పుతున్నాడు. ఆమెను చూసి చెయ్యి ఆపాడు. సగం కప్పిన మన్నులోంచి ఎండిపోయిన మొద్దులు పైకి తేలి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పడేసి, పక్కన పీపాల్లోంచి ఒలికిన చేప రసం వాటి మీదుగా పారి, తెల్లటి పురుగులు పట్టి.

మొక్కను గుర్తుపట్టడమే ఆమె విద్య. ఆకు లేకపోయినా, పువ్వు లేకపోయినా, బెరడు చూసి చెప్పగలదు. ఆవేళ ఆ విద్య ఆమెను వదల్లేదు. ఇది బొడ్డు దగ్గర చీలిన వెలగ. చెరువుగట్టు కింద ఉండేది, తాను నీడకి కూర్చున్నది. ఇది మట్టిగుర్రాల వెనకనున్న ముసలి అల్లి. ఇది కాకిఉలిందె. ఇదొక ముష్టి చెట్టు. పదకొండు. చుట్టుపక్కల ఊళ్ళ తోపుల్లో తిరిగి పదకొండింటినీ ఆమె గీసింది. అందులో ఆరింటిని గీస్తున్నప్పుడు సెంగమలం పక్కన కూర్చుని ఎండ తగలకుండా గొడుగు పట్టింది.

"ఇవన్నీ..." అంది.

వెట్రివేల్ తల దించుకున్నాడు. "నాటినామమ్మా. పట్టలేదు. పావం."

ఆమని షెడ్డు గోడ పట్టుకుంది. పట్టుకున్న చోట చేతికి ఏదో నున్నగా తగిలింది. చూస్తే తన బొమ్మే. పుస్తకం కోసమని పంపిన బొమ్మను పెద్దది చేసి, ప్లాస్టిక్ అంటించి, మేకు కొట్టి తగిలించారు. మన్నంటిన వేలిముద్రలు నిండా. పక్కన మరో బొమ్మ, మరోటి. గోడ పొడుగూతా తన బొమ్మలే.

బొమ్మ అంచున తన చేతిరాత. ఎక్కడ చూసిందో, ఎప్పుడు చూసిందో, నేల ఎలా ఉందో రాసుకోకపోతే బొమ్మకు విలువ లేదని ఆమె పిల్లలకు కూడా చెబుతుంది. అల్లి బొమ్మ కింద ఇలా ఉంది: "గుడి వెనక గోడ నుంచి పడమరగా ముప్పై రెండు అడుగులు. మన్ను వదులు. వేళ్ళు పైపైనే పాకి ఉన్నాయి." చివరి వాక్యం కింద ఎవరో ఎర్ర పెన్నుతో గీత గీశారు. పక్కన టిక్కు పెట్టారు.

"ఆ ఒక్క ముక్క మీరు రాయకపోతే మావాళ్ళు దాని జోలికే వెళ్ళేవారు కాదండీ," అన్నారు వెనకే వచ్చిన భీమేశ్వరరావు గారు. మెచ్చుకోలుగానే అన్నారు. "ఎంతమంది ఫారెస్టు వాళ్ళని, ఎంతమంది లెక్చరర్లని అడిగానో. ఒక్కడూ చెప్పలేకపోయాడు. మీరు కళ్ళకి కట్టినట్టు రాశారు."

ఆమని నోట్లో కాఫీ చేదు పైకి తన్నింది. ఆయన ఇంటి కాఫీ. కుండీల పక్కకు పోయి ఉమ్మింది. మళ్ళీ ఉమ్మింది. పైపు తిప్పి నోరు కడుక్కుంది. ఎంత కడిగినా ఆ తియ్యటి కుళ్ళువాసన నాలుక మీదే ఉంది.

"మంచినీళ్ళు తే వెట్రివేల్. ఎండకి కళ్ళు తిరిగినట్టున్నాయి."

"ఎండకి కాదు." ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "గుడినీ గుళ్ళో లింగాన్నీ మింగేవాళ్ళని కథల్లో వినడమే. మీ ఎదురుగా కూర్చుని కాఫీ తాగాను. అందుకు."

భీమేశ్వరరావు గారి మొహంలో నవ్వు వెంటనే పోలేదు. కాసేపు అలాగే ఉండి, మెల్లిగా సర్దుకుంది.

"చూడండమ్మా. కోపంలో ఏదో అన్నారు, నేను పట్టించుకోను. ఒక్కమాట ఆలోచించండి. ఆ తోపులో ఉంటే దాన్ని ఎవరు చూస్తారు? మేకలు. ఆ పల్లెటూరి వాళ్ళకి దాని విలువ తెలుసా? కనీసం పేరైనా తెలుసా?"

"తెలుసు. కాయాంపూ అంటారు. ఆడపిల్ల పుడితే మొదటిసారి తొట్టెలో వేసే ముందు దాని కిందికి తీసుకొస్తారు. సెంగమలాన్ని తెచ్చారు. వాళ్ళమ్మని తెచ్చారు. మీరు దాన్ని పళ్ళెంలో పెట్టారు."

"పదివేలమంది చూస్తారండీ నా పళ్ళెంలో!"

"చచ్చినదాన్ని."

ఆయన లాల్చీ జేబులో ఫోన్ గుర్రుమంటూ వణికింది. తీసి చూసి, మళ్ళీ జేబులో పడేశారు. మళ్ళీ వణికింది. పట్టించుకోలేదు.

"సరే, తప్పే అనుకుందాం," అన్నారు గోడవారనున్న కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఇప్పుడేం చేద్దామంటారు? పుస్తకం ప్రెస్సుకి వెళ్తోంది. అట్ట మీద మీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, నా పేరు లోపల ఎక్కడో. ఏళ్ళ తరబడి బడిపిల్లలకి మామిడికాయ బొమ్మలు దిద్దుతూ కూర్చున్నారు. మీ చేతికి ఇది దక్కాల్సిందే. మీరు కళ్ళు, నేను చేతులు. ఇద్దరం కలిస్తేనే ఈ పని."

మీరు కళ్ళు. ఆ మాట ఆమని ఒంటి మీద జెర్రి పాకినట్టు పాకింది. అబద్ధమైతే అంత అసహ్యం వేసేది కాదు.

"నేను పోలీసుల దగ్గరికి వెళ్తాను. ఊరివాళ్ళతో చెబుతాను. ఈ గోడ ఫోటో తీసి మరీ చెబుతాను."

"ఫోటో తీసుకోండి. బాగా తీసుకోండి. అందులో రాత ఎవరిదో కూడా కనపడాలి." భీమేశ్వరరావు గారు లోపలికి చూసి పిలిచారు. "వెట్రివేల్, ఆ నీలం ఫైలు పట్రా."

ఫైలులో అరవంలో టైపు చేసిన ఒక కాగితం. ఆమనికి అరవం మాట్లాడటం వచ్చు. చదవడానికి అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. కాగితం కింద ఉన్నది మాత్రం కూడబలుక్కోనక్కర్లేదు. తన సంతకం. పక్కన బడి చిరునామా, తన ఫోన్ నంబరు.

"చదివి వినిపించు అమ్మగారికి."

వెట్రివేల్ గొంతు సవరించుకున్నాడు. ఆమె మొహం చూడకుండా, ఒక్కో వాక్యమూ అరవంలో చదివి, తనకొచ్చిన తెలుగులో చెప్పాడు. "తోపులో ఉండే పాతచెట్లకి చీడ పట్టింది... పక్కచెట్లకి అంటకుండా తీసి, వేరే చోట నాటి కాపాడాల... చదువుకున్న మనిషిగా నేను చూసి చెప్తుండా... పనోళ్ళకి అడ్డం చెప్పొద్దు... ఇట్లు, ఆమని."

"ఇది నేను రాయలేదు."

"సంతకం పెట్టారు. పుస్తకం ఒప్పందం రోజున, తొమ్మిది కాగితాలు. చదువుకోండి అన్నాను కూడా. మీరే 'అక్కర్లేదండీ, మీరుండగా' అన్నారు." ఆయన ఫైలు మూశారు. "ఊరి పూజారి ఈ కాగితం చూశాకే దారి వదిలాడు, తన మెడకు చుట్టుకుంటుందని ఊళ్ళో నోరు మెదపలేదు. ఏనాడూ దొంగతనంగా వెళ్ళలేదమ్మా మేం. పట్టపగలే, ఊరు పనుల్లోకి పోయాక, అంతా మీ పేరు మీద, పద్ధతిగా. ఇప్పుడు చెప్పండి, పోలీసులకి ఎవర్ని చూపిస్తారు?"

ఆమని ఆయన చేతుల వంక చూసింది. శుభ్రమైన చేతులు. గోళ్ళలో ఇసుమంత మన్ను లేదు. ఆ చేతులు ఎప్పుడూ మొక్కను ముట్టి ఉండవు. తన గోళ్ళలోనే ఉంది, పోయిన వారం గుంట అంచున కూలబడ్డప్పటి ఎర్రమన్ను, వారమంతా తోమినా పోనిది. నీళ్ళపైపు తిప్పి మళ్ళీ కడుక్కోవాలనిపించింది. కడిగితే ఆయన ముందు ఓడిపోయినట్టే అనిపించింది. చేతులు అలాగే ఉంచుకుంది.

గోడ దగ్గరికి నడిచి, అల్లి బొమ్మను పట్టి లాగింది. మేకు దగ్గర చిరిగి వచ్చింది. మడిచి సంచిలో పెట్టుకుంది. రెండోది లాగింది. మూడోది.

"ఎన్ని తీసినా కాపీలున్నాయండీ," అన్నారు భీమేశ్వరరావు గారు, జాలిగా.

అప్పుడే ఆమె సంచిలో ఫోన్ మోగింది. తెలియని నంబరు. అలవాటుగా ఎత్తింది.

"ఆమని మేడమా?" ఎవరో మగమనిషి, అరవంలో. రొప్పుతున్నాడు. "నేను ఇళవరసన్ మేడమ్, తవ్వే మేస్త్రీని. సారు ఫోన్ ఎత్తడం లేదు. కాగితంలో మీ నంబరు ఉంటే చేశాను. ఈ పాల చెట్టు వేరు గుడిగోడ కిందికి దూరింది. రంపం పెట్టి కోసేయమంటారా, గోడ పగలగొట్టి తీయమంటారా?"

ఆమని భీమేశ్వరరావు గారి వైపు తిరిగింది. ఆయన తన ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తున్నారు. మొట్టమొదటిసారి ఆయన మొహంలో కంగారు కనిపించింది. "ఇటివ్వండి, నేను మాట్లాడతాను" అని చెయ్యి చాచారు. ఆమె వెనక్కి జరిగింది.

"ఆపండి," అంది ఫోన్లో. "రంపం ముట్టుకోవద్దు. గోడ ముట్టుకోవద్దు. గునపాలు కింద పెట్టించు."

"మీరే అంటున్నారా మేడమ్?"

"నేనే అంటున్నాను. కాగితంలో సంతకం పెట్టిన మనిషిని. నా మాట కాకపోతే ఇంకెవరి మాట వింటావు?"

అవతల మేస్త్రీ ఎవరినో కేకేసి ఆపమన్నాడు. ఇనుము నేలమీద పడ్డ చప్పుడు వినిపించింది.

"ఆపించాను మేడమ్. కానీ ఒక సంగతి. ఇక్కడొక ఆమె పొద్దుట్నుంచీ చెట్టును కరుచుకుని కూర్చుంది. లేవమంటే లేవదు. కాగితం చూపిస్తే చదవడం రాదంటుంది. ఊరోళ్ళు కూడా పోగయ్యారు, చించేస్తారని వాళ్ళ చేతికి కాగితం ఇవ్వలేదు. ఎవరు పంపారో చెప్పకుండా మమ్మల్ని కదలనివ్వరంట. మీరే ఒక మాట చెప్పండి ఆమెతో, ఇది పర్మిషన్ పనే అని."

"వద్దు, ఆమెకి..."

కానీ ఫోన్ అప్పటికే చేతులు మారింది. ముందు గాలి హోరు, ఊరి జనం గోల. ఆ తర్వాత ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు, ఇంట్లో మాట్లాడే తెలుగులో, ఆమని ఎక్కడున్నా పోల్చుకోగల గొంతు.

"ఎవురమ్మా నువ్వు? యాడుండావు? సంతకం పెట్టి పంపినావంటనే, అరవం మనిషివో తెలుగు మనిషివో, ఏంది నీ పేరు? సెప్పు. ఊరంతా వింటాండాది, గెట్టిగా సెప్పు."

భీమేశ్వరరావు గారు తల అడ్డంగా ఊపుతూ, పెట్టేయండి, పెట్టేయండి అని సైగ చేస్తున్నారు. వేలు ఎర్రబొత్తాం మీద పెడితే చాలు. ఆ వేలే బొత్తాం దాకా పోయి, ఆగింది.

"అక్కా," అంది ఆమని. "నేనే. ఆమనిని."

అవతల జనం గోల అలాగే వినిపిస్తోంది. "ఫోన్ నా చేతిలో పెట్టేసి మళ్ళీ చెట్టును కరుచుకుంది మేడమ్," అన్నాడు మేస్త్రీ.